క్యాబిన్ వైపు మూడు పోట్లు

దాణా మిల్లు గేటు దాటగానే కుడి చేతి వైపు ఒక ఇనుప మంచె ఉంటుంది. దానికి ఎనిమిది మెట్లు. మొక్కజొన్న లారీ వచ్చి మంచెకు ఆనుకుని ఆగుతుంది, డ్రైవరు టార్పాలిన్ తాళ్లు విప్పుతాడు, ఆమె పైకెక్కుతుంది. చేతిలో తన కన్నా పొడవైన ఇత్తడి గొట్టం, మోచేతికి తగిలించిన బకెట్. ఇరవై మూడేళ్లుగా ఆమె పని ఇదే.

ఆ గొట్టం లోపల ఇంకో గొట్టం ఉంటుంది. దాన్ని నిలువునా గింజలోకి దించి పైన పిడి తిప్పితే పక్కనున్న సందులు తెరుచుకుంటాయి. ఏ లోతులో ఉన్న గింజ ఆ లోతు నుంచే లోపల పడుతుంది. మళ్లీ తిప్పి, పైకి లాగి, బకెట్లో గుమ్మరించాలి. అలా ఒకసారి చేస్తే ఒక పోటు. లారీకి తొమ్మిది పోట్లు వెయ్యాలి: వెనక తలుపు వైపు మూడు, నడిమధ్య మూడు, క్యాబిన్ వైపు మూడు. ఆ గింజనంతా కలిపి కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేసి, మిగిలింది మళ్లీ కలిపి, చివరికి ఒక గాజు జాడీ నిండా గింజను ల్యాబుకి పంపాలి. అక్కడి అమ్మాయి అందులో సగం పొడి చేసి బూజు విషం ఎంతుందో చూస్తుంది. మిగతా సగం అదే జాడీలో, లారీ నంబరు చీటీతో, మూడు నెలల పాటు అల్మారాలో ఉంటుంది. తర్వాత ఏ గొడవ వచ్చినా సాక్ష్యం చెప్పేది ఆ జాడీయే.

మిల్లులో అందరూ ఆమెను గొట్టం అక్క అంటారు. కొత్త డ్రైవర్లు ఆ పేరు విని పళ్లికిలిస్తారు.

"నవ్వు నాయనా, నవ్వు. నీ బండి లోపలికి పోతుందో, వచ్చిన దారినే పోతుందో చెప్పేది ఈ గొట్టమే," అంటుంది ఆమె.

నవ్వు ఆగిపోతుంది. "టీ తెప్పించనా అక్కా?" అంటారు. ఆమె డ్రైవర్ల టీ తాగదు. ఇరవై మూడేళ్లలో ఆమె మీద లంచం మాట ఒక్కటీ రాలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, కాస్త గర్వంగానే తెలుసు.

ఈ బూజు విషం తిరకాసు సరుకు. లారీ నిండా కళ్లకద్దుకోదగ్గ గింజ ఉండి, ఒక మూల రెండు బుట్టల గింజ తడిసి ముక్కిపోతే చాలు, మొత్తం పాడైనట్టే. వంద కోట్ల పాళ్లలో ఇరవై పాళ్లు దాటితే ఆ గింజ దాణాకు పనికిరాదు. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, ఒక్కోసారి వాసన కూడా ఉండదు. తిన్న ఆవు కూలిపోదు. మేత తగ్గిస్తుంది, మందంగా నిలబడుతుంది, ఈలోగా ఆ విషంలో కొంత రూపు మార్చుకుని పాలలోకి దిగుతుంది. పాలు కాచినా పోదు. "ఎండబెడితే సరిపోదా?" అని అడిగే ప్రతి రైతుకీ ల్యాబు అమ్మాయి ఒకటే జవాబు చెప్తుంది. "ఎండకి బూజు చస్తుంది బాబాయ్. అది కక్కిన విషం చావదు." కాబట్టి దాన్ని గేటు దగ్గర ఆపాలి. లోపలికి వెళ్లి నాలుగు లారీల గింజతో కలిసి పొడి అయ్యాక ఎవరూ ఆపలేరు.

గింజలో నడవడం నేల మీద నడవడం లాంటిది కాదు. అడుగు వేస్తే మోకాలి దాకా దిగిపోతుంది. ఆ కాలు పీక్కుని ఇంకో కాలు వెయ్యాలి, అది దిగిపోతుంది. వెనక తలుపు వైపు మంచె మీద నిలబడే అందుకోవచ్చు. నడిమధ్యకు నాలుగడుగులు చాలు. క్యాబిన్ వైపు మూడు పోట్లకు మాత్రం లారీ పొడుగునా ఈదుకుంటూ పోయి, మళ్లీ ఈదుకుంటూ రావాలి.

రెండేళ్ల కిందట ఆమె కుడి మోకాలు పేచీ మొదలుపెట్టింది. డాక్టరు ఫొటో తీయించి చూసి, మెట్లెక్కొద్దన్నాడు.

"మరేం చెయ్యమంటారు?"

"కూర్చుని చేసే పని చూసుకోమ్మా."

కూర్చోబెట్టి నెల నెలా జీతమిచ్చేవాళ్ల చిరునామా మాత్రం ఆయన చెప్పలేదు. ఆమె ఒక్కతే ఉంటుంది. భర్త పోయి పదకొండేళ్లయింది. కూతురు వేరే ఊళ్లో నర్సు, దానికి దాని డ్యూటీలే సరిపోతాయి. మోకాలి సంగతి ఆమె మిల్లులో ఎవరికీ చెప్పలేదు. కారణం ఉంది. మిల్లులో "కిందకి దించడం" అని ఒక మాట ఉంది. నడుము పట్టేసిన హమాలీ ఒకడిని అలాగే కిందకి దించి, బస్తాలు లెక్కపెట్టే పనిలో పెట్టారు. మూడు నెలల తర్వాత లెక్కపెట్టడానికి మిషను వచ్చింది, అతను ఇంటికెళ్లాడు.

ఈ ఏడాది వానాకాలంలో ఒకరోజు గేటు బయట ఇరవై రెండు లారీలు నిలబడ్డాయి. పది నిమిషాలకొక లారీ వదలాలని మేనేజరు కబురు పెట్టాడు. ఆ రోజు మధ్యాహ్నం మోకాలు బిగుసుకుపోయింది. ఆమె క్యాబిన్ వైపు వెళ్లకుండా, నడిమధ్యే ఇంకో మూడు పోట్లు వేసి బకెట్ నింపింది. రిజిస్టరులో తొమ్మిది అని రాసింది. గొట్టం తీయగానే గింజ మూసుకుపోతుంది. ఎక్కడ గుచ్చావో, ఎన్నిసార్లు గుచ్చావో ఆనవాలు ఉండదు. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. అలా ఏమీ కాకుండానే అది అలవాటైపోయింది. వానాకాలం సగానికి వచ్చేసరికి ఆమె క్యాబిన్ వైపు వెళ్లడం పూర్తిగా మానేసింది. చెయ్యి మాత్రం ప్రతి లారీకీ తొమ్మిది అని రాస్తూనే ఉంది.

ఆమె తమ్ముడికి ఆరు ఆవులున్నాయి. మిల్లుకు అరగంట నడక దూరంలో ఇల్లు. రోజూ రెండు పూటలా పాల కేంద్రంలో పోస్తాడు. అతని క్యాను నంబరు పదిహేడు. ఆ నంబరు కోసం మూడేళ్లు తిరిగాడు. వచ్చిన రోజు దాన్ని క్యాను మీద, మూత మీద, బండి మీద, చివరికి పాకలో స్తంభం మీద కూడా రాశాడు. "ఇక ఆవుల నుదుటి మీద కూడా రాయి, అయిపోతుంది," అంది పెళ్లాం.

ఒక శుక్రవారం పొద్దున్నే అతను మంచె కింద వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, కిందకి రా."

"లారీ ఉందిరా."

"లారీ ఎక్కడికీ పోదు. నా పాలే పోయాయి."

ఆమె కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. అతను జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"నా క్యాను పక్కన పెట్టించారు. అందరి ముందూ. పాలల్లో బూజు విషమట. ఏదో చీటీ ముంచారు, గీత పడాలట, పడలేదట. రెండోసారి ముంచినా పడలేదు."

"మళ్లీ ఎప్పుడు తీసుకుంటారట?"

"కారణం తేలాలట, కాగితం మీద. వచ్చే గురువారంలోగా దాణా వాళ్ల దగ్గర నుంచో డాక్టరు దగ్గర నుంచో కాగితం తేకపోతే పదిహేడు నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నలుగురు కాచుక్కూర్చున్నారు దానికోసం." అతను మిల్లు లోపలికి చూశాడు. "నేను పెట్టేది మీ దాణాయే. నువ్వు చూసిన గింజ కదా అని ఇంకో దాణా మొహం చూడలేదు. నీకు తెలుసుగా."

"తెలుసురా."

"పొద్దున్న ఇరవై ఎనిమిది లీటర్లు గోతిలో పోశాను. దూడలకు కూడా పట్టొద్దన్నారు."

ఆమె అతన్ని ల్యాబు అమ్మాయి దగ్గరకు తీసుకెళ్లింది. ఆ అమ్మాయి చదువు ముగించి వచ్చి రెండేళ్లే అయింది, పని మాత్రం గట్టిది. బస్తా చీటీ మీద నంబరు చూసి, ఆ దాణా ఏ రోజు ఆడించారో, అందులోకి ఏయే లారీల గింజ పోయిందో రిజిస్టరులో పట్టుకుంది. నాలుగు లారీలు. అల్మారాలోంచి నాలుగు జాడీలు దించింది. సాయంత్రానికి ఫలితం చెప్పింది.

"నాలుగూ శుభ్రంగా ఉన్నాయక్కా. మన తప్పేం లేదు," అంది సంతోషంగా.

మేనేజరు ఉత్తరం టైపు చేయించాడు. దాణాలో లోపం కనబడలేదనీ, కొనుగోలుదారు నిల్వ చేసిన తీరులో లోపం ఉండవచ్చనీ అందులో ఉంది. తమ్ముడు దాన్ని మంచె పక్కనే నిలబడి రెండుసార్లు చదివాడు.

"నిల్వ అంటే?" అన్నాడు.

"పాకలో తడి తగిలిందేమో," అన్నాడు మేనేజరు.

తమ్ముడు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాక చూసుకునేది అతని భార్య. ఆ మాట ఎవరి మీదకు వెళ్తుందో మంచె మీదున్న ఆమెకు అక్కడి నుంచే తెలిసిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదనీ మరొకటనీ చెప్పడానికి లేదు. రోజంతా మెట్లెక్కి దిగిన మనిషికి నిద్ర పడుతుంది. మర్నాడు మధ్యాహ్నం, లారీలు పలచబడ్డాక, ఆమె తన రిజిస్టరు తీసింది. జాడీలు తీసిన నాలుగు లారీల నంబర్ల మీద వేలు పెట్టుకుంటూ వెళ్లింది. మూడో నంబరు దగ్గర వేలు ఆగింది.

ఆ లారీ ఆమెకు గుర్తుంది. దారిలో ఇంజను పాడై ఎనిమిది రోజులు వానలో నిలబడిపోయిన బండి. టార్పాలిన్ ముందు వైపు, సరిగ్గా క్యాబిన్ వెనక, చెయ్యి దూరేంత చిరుగు ఉంది. డ్రైవరు బక్కపలచటి ముసలాయన, ఎనిమిది రోజులు బండిలోనే పడుకున్నాడు. "పైపైన తడిసిందక్కా, ఎండకి ఆరిపోయింది. కావాలంటే చూసుకో," అన్నాడు. ఆమె నడిమధ్య గింజలో చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. తేమ మీటరు పదమూడు చూపించింది. చిరుగు వైపు ఒకసారి చూసింది. వెళ్దామనుకుంది కూడా. కింద హారన్లు మోగుతున్నాయి. బకెట్ నిండింది, ఆమె దిగిపోయింది. ఎదురుగా రిజిస్టరులో తన దస్తూరీతోనే ఉంది: తొమ్మిది.

అంటే ల్యాబు అమ్మాయి పరీక్ష తప్పు కాదు. జాడీలో ఉన్న గింజ మంచిదే. చెడ్డ గింజ ఆ జాడీలోకి రానే లేదు.

ఆదివారం ఆమె తమ్ముడింటికి వెళ్లింది. గుమ్మం దగ్గరే మరదలు ఎదురొచ్చింది.

"రండి వదినా, రండి. ముద్దాయిని నేనే, నేరం జరిగిన చోటు అదిగో."

పాకలో దాణా బస్తాలు చెక్క పలకల మీద, గోడకి జానెడు దూరంగా పేర్చి ఉన్నాయి. వాడుతున్న బస్తా మూతి మడిచి రాయి పెట్టి ఉంది. కింద నేల ఊడ్చి ఉంది. పైకప్పు రేకుల్లో ఒక్క చిల్లు లేదు.

"చూశారా? నేను పడుకునే గది కూడా ఇంత శుభ్రంగా ఉండదు. మూడు రోజులుగా మీ తమ్ముడు తడి చేత్తో ముట్టుకున్నావంటాడు, తడి చెంబు ముంచావంటాడు. నిన్న రాత్రి నా చెయ్యి వాసన కూడా చూశాడు. పెళ్లయిన కొత్తలో కూడా అంత శ్రద్ధగా చూడలేదు."

"నోరు మూస్తావా?" అన్నాడు తమ్ముడు ఆవుల వెనక నుంచి.

"మూస్తాను. నువ్వు ఆ ఉత్తరం మూస్తే."

ఆమె వంగి బస్తా చీటీ చూసింది. ఆ లారీ దిగిన మర్నాటి తేదీ. చీటీ అంచు పట్టుకుని కాసేపు అలాగే ఉంది. లేవడానికి స్తంభం పట్టుకోవాల్సి వచ్చింది. పదిహేడు అని రాసి ఉన్న స్తంభం.

"ఈ దాణా ఆపెయ్యండి," అంది. "ఇప్పట్నుంచే. ఎండుగడ్డి, పచ్చగడ్డి ఏది దొరికితే అది వెయ్యండి. నాలుగైదు రోజుల్లో పాలు బాగుపడతాయి."

మరదలు ఆమె వైపు చూసింది. గలగల మాట్లాడే మనిషి ఆ నిమిషం నెమ్మదిగా మాట్లాడింది.

"ఎందుకు వదినా? మీ జాడీలు బాగున్నాయన్నారుగా?"

ఆమె చేతికంటిన దాణా పొడి దులుపుకుంది.

"పాలు బాగుపడతాయి, సరే. కేంద్రం వాళ్లు కాగితం అడుగుతున్నారు. ఉన్న కాగితంలో తప్పు నాది అని ఉంది. రేపు పాలు బాగుపడితే, చూశావా, నువ్వు పాక కడిగావు కాబట్టి బాగుపడ్డాయి అంటారు. నంబరు పోతుంది, చెడ్డపేరు నాకొస్తుంది."

ఆమె చెప్పులు వేసుకుంది. టీ తాగి వెళ్లమని మరదలు అనలేదు. ఆమె ఆ ఇంటికి రావడం మొదలుపెట్టాక అలా జరగడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున మంచె ఎక్కే ముందు ఆమె ల్యాబులోకి వెళ్లింది. ఇంకో దారి ఏదైనా ఉందేమోనని చూసింది. ఉంటే బాగుండునని ఎవరికైనా ఉంటుంది.

"అమ్మాయ్, ఆ రోజు ఆడించిన దాణా గోడౌన్లో ఇంకా ఉందా?"

"నూట అరవై బస్తాలు ఉన్నాయక్కా. ఏం?"

"అందులోంచి నాలుగు తీసి చూడకూడదూ?"

"ఎందుకు? జాడీలు శుభ్రంగా ఉన్నాయిగా. ఒక్కో బస్తాకి ఒక పరీక్ష చీటీ వాడాలి, వాడినదానికి కారణం రాయాలి. ఏమని రాయను?"

"ఊరికే చూశామని రాయి."

ఆ అమ్మాయి నవ్వింది. "ఊరికే అనే గడి ఆ ఫారంలో లేదక్కా. అయినా మీ తమ్ముడి సంగతి నాకు తెలుసు, బాధగానే ఉంది. కానీ జాడీ బాగుంటే లారీ బాగున్నట్టే కదా. ఇంకెవరో తీసిన నమూనా అయితే అనుమానపడేదాన్ని. తీసింది మీరు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ల్యాబులో ఆమె కూర్చోవడం ఆ అమ్మాయి ఎప్పుడూ చూడలేదు.

"కారణం రాసుకో," అంది. "మూడో లారీకి క్యాబిన్ వైపు పోట్లు వెయ్యలేదు."

"అంటే?"

"వెళ్లలేదు. నడిమధ్యే ఆరు వేశాను. టార్పాలిన్ చిరిగింది సరిగ్గా ఆ క్యాబిన్ వెనకే."

ఆ అమ్మాయి కలం పట్టుకునే ఉంది, రాయలేదు. "రిజిస్టరులో తొమ్మిది ఉందక్కా."

"రాసింది నేనే కదమ్మా."

మధ్యాహ్నానికి పది బస్తాలు తెరిచారు. నాలుగింట్లో విషం హద్దు దాటింది. ఒకదాంట్లో మూడింతలు. ల్యాబు అమ్మాయి ఫలితాలు తీసుకుని మేనేజరు గదికి వెళ్లింది, వెనక ఆమె వెళ్లింది. మేనేజరు అరిచే మనిషి కాదు. ఇరవై ఏళ్లు అరిచి, ఇక ఓపిక లేక మానేసిన మనిషి. కాగితం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"దాణాలో మట్టిపొడి కలిపితే విషాన్ని కొంత పట్టుకుంటుంది కదా?" అన్నాడు ల్యాబు అమ్మాయితో.

"కొంచెం ఉంటే పట్టుకుంటుంది సార్. ఇంతుంటే పట్టుకోదు."

"తెలుసు. ఊరికే అడిగాను." ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఎప్పట్నుంచమ్మా?"

"వానలు పడ్డప్పట్నుంచి."

"ప్రతి లారీకా?"

"మొదట్లో రద్దీగా ఉన్న రోజుల్లో. తర్వాత అన్నిటికీ."

ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూసి మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు, ఆ లెక్క ఆయనకు నచ్చలేదు. ఇప్పుడు నూట అరవై బస్తాలు ఆపాలి, అమ్మినవి ఇంటింటికీ తిరిగి వెనక్కి తేవాలి, వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆడించిన ప్రతి దాణా నుంచీ బస్తాలు తెరిచి చూడాలి.

"ఎందుకు వెళ్లలేదు?"

"మోకాలు సార్."

"చెప్పి ఉంటే లారీ గోడల మీద అడ్డంగా ఒక పలక వేయించేవాణ్ణి కదమ్మా. గింజలో దిగే పనే ఉండేది కాదు. ఒక్క పలక."

"చెప్తే కిందకి దించేవాళ్లు సార్."

మేనేజరు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. కాదని అనలేదు. పది నిమిషాలకొక లారీ అన్నది తానే కాబట్టి, ఆ సంగతి ఆమె ఎత్తకపోవడం కూడా గమనించినట్టే ఉన్నాడు.

కొత్త ఉత్తరం మంగళవారం తయారైంది. మొదటి ఉత్తరాన్ని రద్దు చేస్తున్నామనీ, ఒక లారీలో కొంత భాగం నుంచి నమూనా తీయకపోవడం వల్ల చెడిన గింజ దాణాలో కలిసిందనీ, కొనుగోలుదారు నిల్వలో ఏ లోపమూ లేదనీ రాశారు. పేరు రాయలేదు. మిల్లులో నమూనా తీసేది ఒక్కరే అని దాణా కొనే ప్రతివాడికీ తెలుసు.

"ఇది మీరే ఇస్తారా, నన్ను పంపించమంటారా?" అన్నాడు మేనేజరు.

"నేనే ఇస్తాను."

తమ్ముడు గేటు బయట నిలబడి చదివాడు. చదవడం అయ్యాక కాగితం మడిచి, మళ్లీ విప్పి, ఆ ఒక్క వాక్యం మళ్లీ చదివాడు.

"నమూనా తీయకపోవడం వల్ల అంటే..."

"నేనేరా."

అతను కాగితం బండి సీటు మీద పెట్టి, ఎగిరిపోకుండా చెయ్యి ఆనించాడు.

"శుక్రవారం నన్ను ల్యాబుకి తీసుకెళ్లావు. నా పక్కనే నిలబడ్డావు."

"అప్పటికి నాకు తెలియదు. శనివారం తెలిసింది."

"శనివారం తెలిస్తే ఆదివారం ఇంటికొచ్చి గడ్డి వెయ్యమని చెప్పి పోయావా? నేను అక్కడ దాన్ని పట్టుకుని..." అతను ఆగాడు. "దాని చెయ్యి వాసన చూశానక్కా నేను."

"విన్నాను."

"నీ చేతి గింజ అని నలుగురికి చెప్పాను. వాళ్లూ ఇదే కొన్నారు."

అతను బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. కేంద్రం మూసేలోగా కాగితం ఇవ్వాలి, అతని తొందర అతనిది.

కేంద్రం వాళ్లు కాగితం తీసుకున్నారు. పాలు బాగుపడితే నంబరు ఉంటుందన్నారు. ఆదివారం నుంచి గడ్డి మీదే ఉన్న ఆవుల పాలల్లో బుధవారం సాయంత్రం చీటీ ముంచితే గీత పలచగా పడింది. గురువారం పొద్దున గట్టిగా పడింది. పదిహేడో క్యాను వరసలోకి వచ్చింది. ఈ సంగతి తమ్ముడు చెప్పలేదు. మరదలు మిల్లుకి వచ్చి చెప్పింది, పాత బస్తాలు వెనక్కి ఇచ్చే పని మీద.

"గీత పడింది వదినా."

"పడిందా?"

"ఆఁ. మీ తమ్ముడు నాలుగు రోజులు నన్ను తిట్టాడు. ఇప్పుడు ఆ తిట్లు మీ మీదకు మళ్లాయి. నాకు కాస్త ఊపిరాడుతోంది." బస్తాలు దించే మనిషి వైపు చూస్తూ, గొంతు తగ్గించి అంది, "చెప్పేదేదో ఆదివారమే చెప్పాల్సింది. అయినా చెప్పారు. కొన్నాళ్లు ఇంటికి రాకండి. నేనే కబురు పెడతాను."

మిల్లు వాళ్లు ఆమెను ఇంటికి పంపలేదు. కిందకి దించారు. గింజ లోపలికి పోయే ముందు బెల్టు మీద నడుస్తుంటే రంగు మారినవి, విరిగినవి, ముడతపడ్డవి ఏరెయ్యడం ఇప్పుడు ఆమె పని. విషం ఎక్కువగా ఉండేది అలాంటి గింజల్లోనే కాబట్టి అదీ పనికొచ్చే పనే. కూర్చుని చేసేది. మోకాలికి హాయిగా ఉంది. ఆ హాయి ఆమెకు అంతగా నచ్చలేదు. ఈ పనికి మిషను ఉందని, పక్క మిల్లులో పెట్టారని ల్యాబు అమ్మాయి ఒకసారి మాటల్లో అనేసి, తర్వాత నాలుక కరుచుకుంది.

మంచె మీదకు హమాలీ మేస్త్రిని ఎక్కించారు. నలభై ఏళ్ల వాడు, కాళ్లు ఉక్కులా ఉంటాయి. లారీ గోడల మీద అడ్డంగా వేసే పలక కూడా వచ్చింది. మిల్లు వెనక పడి ఉన్న పాత తలుపును కోసి చేశారు. గంట పని. ప్రతి పోటూ పైకి వినబడేలా లెక్కపెట్టాలని మేనేజరు కొత్త నియమం పెట్టాడు. మొదటి వారం మేస్త్రి సిగ్గుపడ్డాడు, రెండో వారం నుంచి బస్సు కండక్టరులా అరవడం మొదలుపెట్టాడు.

ఒక రోజు ఆకాశం మబ్బుగా ఉంది. గేటు బయట తొమ్మిదో పదో లారీలు ఉన్నాయి. ఆమె బెల్టు దగ్గర తల వంచుకుని గింజలు ఏరుతోంది. పై నుంచి మేస్త్రి గొంతు వస్తోంది.

"ఆరూ... ఏడూ... ఎనిమిదీ..."

ఆ తర్వాత డ్రైవరుతో ఏదో మాట, నవ్వు. బకెట్ చప్పుడు. మెట్ల మీద అడుగులు.

ఆమె తలెత్తింది. "తొమ్మిది ఏదీ?"

"వేశానక్కా. నోటితో అనలేదంతే. డ్రైవరు ఏదో అడిగితే మర్చిపోయా."

వేసే ఉంటాడు. వెయ్యకుండా కూడా ఉండొచ్చు. గింజ మూసుకుపోయి ఉంటుంది, ఎక్కి చూసినా ఏమీ తెలియదు. ఆ సంగతి ఈ మిల్లులో తన కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

ఆమె బెల్టు ఆపే మీట నొక్కింది. బల్ల పట్టుకుని లేచి, మోకాలు నిలబడేదాకా ఆగి, మంచె కిందికి నడిచింది.

"మళ్లీ వెయ్యి," అంది.

"అక్కా, వెనక తొమ్మిది బళ్లున్నాయి."

"ఉండనీ. నేనిక్కడే నిలబడతాను. పైకి అను."

మేస్త్రి ఆమె మొహం చూశాడు, విసుక్కున్నాడు, డ్రైవరు వైపు తిరిగి కణత దగ్గర వేలు తిప్పాడు. తర్వాత మెట్లెక్కి, పలక మీద నడుచుకుంటూ క్యాబిన్ వైపు వెళ్లాడు. గొట్టం గింజలో దిగిన చప్పుడు కింద దాకా వినిపించింది.

"తొమ్మిదీ!" అని అరిచాడు, గేటు బయటున్న వాళ్లక్కూడా వినబడేలా. "చాలా?"

"చాలు," అంది ఆమె. వెనక్కి వెళ్లి కూర్చుంది. బెల్టు మళ్లీ కదిలింది.